చెరో దీవిలో పంతులుద్యోగం

మాల్దీవులంటే మావాళ్ళకి ఫోనులో చూసిన నీలం నీళ్ళు, ఆ నీళ్ళ మీద గుడిసెలు, వాటిలో కొత్త దంపతులు. నేను వెళ్ళొచ్చేనని తెలిసిన ప్రతివాళ్ళూ ఆ ఫొటోలే చూపించమంటారు. నా దగ్గర లేవు. ఆ గుడిసెలున్న దీవులు వేరు, జనం కాపురముండే దీవులు వేరు. మేం వెళ్ళింది రెండో రకం దీవులకి, చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి. మొగుడూ పెళ్ళాం కలిసే వెళ్ళేం. కలిసి ఉండలేదు. ఎందుకుండలేదో, అక్కడ ఏం చూసేనో అడిగినవాళ్ళకి అడిగినంత మేర చెప్తూ వచ్చేను. ఇప్పుడు ఒక్కచోట రాస్తన్నాను. దీవుల పేర్లు మాత్రం రాయను. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినబడే ఊళ్ళు అవి. పేరు రాస్తే ఎవరిల్లో కూడా తెలిసిపోతుంది.

చోడవరం

మా ఆయన ఈశ్వర్రావు నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావ, పెళ్ళయ్యేకా బావే. ఇద్దరం చోడవరంలో ఒకే ప్రైవేటు స్కూల్లో పనిచేసేవాళ్ళం. అతను పెద్ద క్లాసులకి ఇంగ్లీషు, నేను ఒకటి రెండు తరగతులకి అన్నీ. అతనిది ఇంగ్లీషు ఎం.ఏ. నేను ఇంటి దగ్గర కూచుని దూరవిద్యలో చదువుకున్నదాన్ని. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే జవాబు బావే చెప్పేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

బుచ్చయ్యపేట మాస్టారొకాయన ఆ దీవుల్లో చాన్నాళ్ళు పనిచేసి వచ్చేడు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలిస్తారని, జీతం ఇక్కడికి నాలుగు రెట్లని ఆయనే చెప్పేడు. ఇంటర్వ్యూలో బావ నా వంతు కూడా సగం మాట్లాడేడు. ఇద్దరికీ ఉత్తరువులొచ్చేయి.

జీతం కోసం వెళ్తన్నామని అందరికీ చెప్పేం. అది అబద్ధం కాదు. కానీ మాకు పెళ్ళై పదకొండేళ్ళు, పిల్లల్లేరు. విశాఖ ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఒకనాటికి తిరగడం మానేసేం. పేరంటానికి వెళ్తే బొట్టు పెడుతూ నా పొట్ట వేపు చూసేవారు. కొన్నాళ్ళు అలా చూడనివాళ్ళ మధ్య ఉండాలని నాకుండేది. బావకీ ఉండేదనుకుంటాను. ఆ మాట మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

బ్యాగు సర్దుతుంటే అత్త మా అమ్మవారు నూకాలమ్మ పటం తెచ్చి బట్టల మధ్య పెట్టబోయింది. అక్కడికి మన దేవుళ్ళ పటాలు, బొమ్మలు పట్టుకెళ్ళకూడదట, చట్టం ఒప్పదట అని చెప్పేను.

"దేవుడు లేని ఊరేటే అది?" అంది అత్త.

"ఉన్నాడత్తా. వాళ్ళ దేవుడున్నాడు."

అత్త పటం తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి తగిలించింది. పటం పెట్టబోయిన చోట బెల్లం దిమ్మ పెట్టింది.

మాలే

విమానంలో పైనుంచి చూస్తే ఆ దేశం నీళ్ళలో ఎవరో విసిరిన అటుకుల్లా ఉంది. రాజధాని మాలేలో దిగితే విశాఖ జగదాంబ సెంటర్ని పెకలించి సముద్రం మధ్య పెట్టినట్టుంది. అన్నీ మేడలు, సందుల నిండా మోటారు సైకిళ్ళు. మా లాడ్జి గదిలో కిటికీ తీస్తే పక్క మేడ గోడ చేతికి తగిలేది. ఆ ఉక్కకి అత్త ఇచ్చిన బెల్లం కరిగి, బావ తెల్లచొక్కాలన్నిటి మీదా పాకం కారింది. ఒక పూటంతా చొక్కాలు ఉతకడంతో సరిపోయింది. మిగిలిన బెల్లం స్టీలు డబ్బాలోకి ఎత్తేను.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే అక్కడి ఉద్యోగి మమ్మల్ని కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి, మెల్లగా చెప్పేడు. మా ఇద్దరికీ అనుకున్న స్కూల్లో ఇప్పుడు ఒక్కటే ఖాళీ ఉంది. రెండోది పక్క దీవిలో.

"దగ్గరేనండీ. ఒడ్డున నిలబడితే అవతల దీవి కనిపిస్తుంది" అన్నాడు.

బావ బయటికి వచ్చేక మెట్ల మీద కూలబడిపోయేడు. "ఎల్లిపోదుం సత్యా. ఇద్దరం ఒకచోటని చెప్పి రప్పించేరు. చెరో దీవిలో ఉండడానికేనా వచ్చేం?"

మామూలుగా అతను ఎలాగంటే నేను అలాగే. ఆ రోజు నా నోటంట వేరే మాట వచ్చింది. "చోడవరంలో అందరికీ చెప్పి వచ్చేం బావా. కొన్నాళ్ళుండి చూద్దుం. కుదరకపోతే అప్పుడు వెళ్ళిపోదుం."

అతను నా మొహంలోకి చూసి, సరే అన్నాడు.

పడవలో

పిల్లల క్లాసు నాకు, ఆరో తరగతి అతనికి. ఇద్దరం ఒకే స్పీడు బోటు ఎక్కేం. చోడవరం నుంచి సముద్రం మరీ దూరం కాదు, కానీ కాళ్ళు తడుపుకోవడానికి తప్ప నేనెప్పుడూ సముద్రం దగ్గరికి వెళ్ళలేదు. పడవ ఎగిరి పడ్డప్పుడల్లా నా కడుపు నోట్లోకి వచ్చేది. ఎదురుగా కూచున్న ఒక ముసలమ్మ ఏ మాటా లేకుండా నా చేతిలో నిమ్మకాయ పెట్టింది.

బావ దీవి ముందు వచ్చింది. అతను పెట్టె దింపుకుని సిమెంటు జెట్టీ మీద నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పడవ తిరిగేక వెనక్కి చూస్తే, ఎవరో కుర్రాళ్ళు అతని పెట్టె అందుకుంటన్నారు. తర్వాత కొబ్బరిచెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

నా దీవి

నేను అద్దెకున్నది షరీఫా ఇంట్లో. ఆమెది నా వయసే. ఆమె భర్త హసన్‌కి చేపల పడవ ఉంది. వాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తన్నాను గానీ, అందరం వచ్చినంత ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చేం.

తెల్లవారకుండానే ఆడవాళ్ళు ఈనెల చీపుళ్ళతో వీధులు తుడుస్తారు. ఇంటి ముందే కాదు, వీధంతా. నేలంతా తెల్ల ఇసక. మన దగ్గరైతే తుడిచి కళ్ళాపి చల్లి ముగ్గేస్తాం, అక్కడ చీపురు గీతలే ముగ్గు. పొద్దున్న టిఫిను చేపా, కొబ్బరికోరూ, ఉల్లిపాయా, నిమ్మరసం కలిపిన ముద్ద, దాంతో పల్చటి రొట్టె. చేప తినే ఇంట్లో పుట్టినా, పొద్దున్నే చేప తినడం నాకు కొత్త. వారంలో అలవాటైపోయింది. అలవాటు కానిది కూరగాయల ధర. అన్నీ పడవ మీద రావాలి. వడ్డాది సంతలో సంచీ నిండే డబ్బుకి అక్కడ నాలుగు టమాటాలొచ్చేవి, అవీ మెత్తబడినవి.

మొదటి రోజు అన్నం తింటుంటే షరీఫా అడిగింది, "పిల్లలెంతమంది?"

"లేరు" అన్నాను.

మన దగ్గరైతే ఆ మాట తర్వాత ఒక డాక్టరు పేరో, ఒక మొక్కో వస్తుంది. షరీఫా తలూపి, నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. "పడవలో కక్కేవటగా, ఏమీ తిననట్టున్నావు" అంది. అంతే, ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

అత్త బెల్లం ఆమెకిచ్చేను. వాళ్ళకి కొబ్బరికల్లు కాచి చేసే పాకం ఉంది. ఆ రుచి దగ్గరగానే ఉంటుంది. చెరకు రసంతో చేస్తామంటే, చెరకు ఎలా ఉంటుందని అడిగింది. వెదురులా ఉంటుందన్నాను. వెదురు కూడా చూళ్ళేదంది.

రెండో తరగతి

స్కూలు నీలం రంగు గోడలతో శుభ్రంగా ఉంది. పిల్లలు తెల్ల బట్టల్లో లేచి నిలబడి దణ్ణం పెట్టినంత వినయంగా పలకరించేరు. నా పేరు చెప్పబోతే ఎవరికీ అక్కర్లేదు. అందరికీ నేను మిస్సే. ముందు వరసలో పళ్ళూడిన గుంట ఒకర్తి, లైషా, చెయ్యెత్తింది.

"మిస్, మీరెప్పుడు వెళ్ళిపోతారు?"

ఇప్పుడేగా వచ్చేనన్నాను.

"పాత మిస్ కూడా అదే అంది" అంది లైషా. తగువు కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

పుస్తకం తెరిస్తే తెలిసింది. మొదటి నాలుగు పాఠాలు పిల్లలకి గడగడా వచ్చు. ఐదో పాఠం ఎవరూ చూడలేదు. బయటినుంచి వచ్చిన టీచర్లు కొన్నాళ్ళుండి, ఇంటి మీద బెంగతోనో జబ్బుతోనో వెళ్ళిపోతారు. తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటి పాఠం నుంచి ఎత్తుకుంటారు. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టలేను. పొద్దుగుంకేక ఆ దీవిలో వెళ్ళడానికి చోటుండదు. చుట్టూ నీళ్ళే. నేనూ చీకటి పడ్డ ప్రతిసారీ జెట్టీ మీదకెళ్ళి బావకి ఫోను చేసి ఏడ్చేను.

నా ఇంగ్లీషు భయం మాత్రం పోయింది. పక్కన జవాబు చెప్పేవాడు లేడు కాబట్టి నేనే చెప్పాల్సొచ్చింది. తప్పులు మాట్లాడేను. పిల్లలూ తప్పులే మాట్లాడేరు. అప్పుడప్పుడు ఒకళ్ళ తప్పు ఒకళ్ళం దిద్దుకున్నాం. ఐదో పాఠం మొదలెట్టిన రోజు లైషా పుస్తకం వాసన చూసి, ఈ పేజీలు కొత్తగా ఉన్నాయంది.

గాలి రోజులు

నైరుతి గాలులు మొదలయ్యేయి. శనివారం శనివారం మమ్మల్ని కలిపే పడవ రెండు వారాలు తిరగలేదు. ఆ రోజుల్లోనే బావకి జ్వరం వచ్చింది. ఫోనులో బానే ఉన్నానన్నాడు. మూడో రోజు అతని స్కూలు ప్రిన్సిపాలు ఫోను చేసి డెంగ్యూ అని, హెల్త్ సెంటర్లో పెట్టేమని చెప్పింది.

షరీఫా చెప్పగానే హసన్ సముద్రం వేపు చూసి, గాలి కొంచెం తగ్గనీ, తీసుకెళ్తానన్నాడు. మర్నాడు పొద్దున్న అతని చేపల పడవలో బయల్దేరేం. కెరటం ఎత్తినప్పుడు ఆకాశం, దింపినప్పుడు నీళ్ళగోడ. నేను పడవ అడుగున చెక్కల మీద పడుక్కుని కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు మూసుకోకు, ఇంకా తిప్పుతుంది" అన్నాడు హసన్. "నీళ్ళు చూడకు. ఎదర చెట్లు చూడు. అవి కదలవు."

తాడు పట్టుకుని లేచి కూచుని, బావ ఉన్న దీవి చెట్ల మీదే కళ్ళు పెట్టేను. చాలాసేపు ఆ చెట్లు దగ్గరకి రాలేదు.

బావ మంచం మీద వాడిన తోటకూర కాడలా ఉన్నాడు. నన్ను చూసి మొహం గోడవేపు తిప్పుకున్నాడు. ఏడుస్తన్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నర్సు కేరళ అమ్మాయి. అంతవరకూ ఆ పిల్లే స్పూనుతో నీళ్ళు పట్టించిందట. నేను స్కూలుకి సెలవు చెప్పి అక్కడే ఉండిపోయేను. ఉప్పువేసి గంజి కాచేను. పక్కింటివాళ్ళు కొబ్బరిబోండాలు తెచ్చిచ్చేవారు, డబ్బిస్తే తీసుకోలేదు. బావ క్లాసు పిల్లలు కిటికీ దగ్గర గుంపుగా నిలబడి చూసి వెళ్ళేవారు. జ్వరం తగ్గింది. మనిషి మాత్రం తేరుకోలేదు.

జెట్టీ మీద

ఒక సాయంత్రం అతను నా భుజం పట్టుకుని జెట్టీ దాకా నడిచేడు. గాలి తగ్గింది. తాడుతో అల్లిన కుర్చీలు ఒడ్డున వరసగా ఉంటాయి. వాటిలో కూచున్నాం.

"ఇద్దరికీ టిక్కెట్లు తీసీనా?" అన్నాడు.

నేను అతని చొక్కా పైగుండీ పెట్టేను.

"నా వల్ల అవదే సత్యా. నాలుగడుగులేస్తే ఆయాసం. ఒంటిగా ఉండలేను. ఇంటికెల్లిపోదుం."

"నువ్వెళ్ళు బావా. అత్త చూసుకుంటుంది. పరీక్షలయ్యేక నేనొస్తాను."

"జబ్బు పడ్డ మొగుణ్ణి పంపించీసి నువ్వొక్కర్తివీ ఇక్కడుంటావా? ఊళ్ళో ఏటంటారు?"

"అననీ."

అతను మెల్లగా అన్నాడు. "ఆళ్ళు నీ పిల్లలు కారే."

ఆ మాట అతను కోపంతో అనలేదు. అందుకే తగిలింది.

"కారు. నా పిల్లలైతే ఎత్తుకుని నీతో వచ్చీదాన్ని."

బావ నీళ్ళ వేపు చూస్తూ కూచున్నాడు. చేపపిల్లల గుంపొకటి జెట్టీ దీపం వెలుగులోకి వచ్చి వెళ్ళింది. తర్వాత అతను తన ఒక్కడికే టిక్కెట్టు తీసుకున్నాడు. వెళ్ళే రోజు క్లాసు పిల్లలకి చెప్పలేదు. వాళ్ళు స్కూల్లో ఉన్న వేళ చూసి పడవెక్కేడు. నేను పడవ దాకా వెళ్ళి, తర్వాత నా దీవికి వచ్చేసేను. మర్నాడు పొద్దున్న ఆరో పాఠం చెప్పేను. ఏం చెప్పేనో నాకు గుర్తులేదు.

శనివారాలు

అత్త ఫోను చేసి, "మొగుడికన్నా పాఠాలెక్కువైపోయేయేటే నీకు?" అంది. తర్వాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. చోడవరంలో ఎవరేమన్నారో నాకు ఒకటీ అరా చేరేయి. బావ మాత్రం రోజూ ఫోను చేసేవాడు. అన్నం తిన్నావా, గాలి తగ్గిందా, అంతే. తన దీవి మాట ఎత్తితే వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు. నేనూ ఎత్తడం మానేసేను.

అతని స్థానంలోకి ఎవరూ రాలేదు. వస్తారు వస్తారన్నారు గానీ రాలేదు. ఒక శనివారం, అతను మర్చిపోయిన దుప్పటీ, గిన్నెలు తెచ్చుకుందామని అక్కడికి వెళ్తే, జెట్టీ దగ్గర ఆరో తరగతి పిల్లలు నన్ను గుర్తుపట్టేరు.

"సార్‌కి ఎలా ఉంది?" అని అడిగేడు నజీమ్ అనే పొడుగు పిల్లాడు.

బాగుందన్నాను.

"మా మీద కోపమా?"

కాదన్నాను. ఇంకేం చెప్పాలో తెలీక, సార్ ఎంతవరకు పాఠం చెప్పేరని అడిగేను. పుస్తకాలు తెచ్చేరు. సగం కూడా కాలేదు.

ఆ ప్రిన్సిపాల్నీ, మా ప్రిన్సిపాల్నీ అడిగి, శనివారాలు వెళ్ళడం మొదలెట్టేను. శుక్ర శనివారాలు అక్కడ సెలవు. పొద్దున్న పడవకి వెళ్ళి సాయంత్రం పడవకి వచ్చేదాన్ని. ఆరో తరగతి ఇంగ్లీషు నాకు కష్టమే. శుక్రవారమంతా కూచుని చదువుకునేదాన్ని. తెలియని మాట వస్తే తెలీదని చెప్పి, పిల్లలతో కలిసి నిఘంటువులో వెతికేదాన్ని. సెలవు రోజున క్లాసుకి వచ్చేరా అంటే, మొదట ఐదుగురే వచ్చేరు. తర్వాత అందరూ వచ్చేరు. పడవ ఊగినా నాకిప్పుడు కడుపులో తిప్పేది కాదు.

పరీక్షలయ్యేయి. నేను బయల్దేరే పొద్దున్న షరీఫా జెట్టీ దాకా వచ్చింది. మా వేపు ఆడవాళ్ళలా ఏడవలేదు. నా బ్యాగులో ఎండుచేపల పొట్లం పెట్టి, పడవ కదిలేదాకా చేత్తో దాని అంచు పట్టుకుని నిలబడింది. లైషా వాళ్ళ నాన్న భుజాల మీద కూచుని, నా పేరు, "సత్యా మిస్", అని పిలిచింది. సత్యవతి అనడానికి ఆ పిల్లకి నోరు తిరగలేదు.

సబ్బవరం

విశాఖ విమానాశ్రయంలో బావ నిలబడి ఉన్నాడు. ఒళ్ళు చేసేడు గానీ జుట్టు నెరిసింది. పెట్టె అందుకుని, "చిక్కిపోయేవు" అన్నాడు. కారెక్కేం. అత్త ఎలా ఉందంటే, బాగుంది, నీకోసం చేపల పులుసు పెట్టింది అన్నాడు. ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది.

సబ్బవరం దగ్గర టీకి ఆగేం. టీ నోట్లో పోసుకుంటే తీపికి నాలుక ముడుచుకుంది. మన టీ ఇంత తీపని నాకప్పటిదాకా తెలీదు. డ్రైవరు కార్లోనే ఉన్నాడు. బల్ల మీద మేమిద్దరమే. బావ గ్లాసు తిప్పుతూ, నా వేపు చూడకుండా అడిగేడు.

"నా క్లాసుకి ఎవర్నేసేరు?"

అన్నాళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదలు.

"ఎవరూ రాలేదు బావా. శనివారాలు నేను వెళ్ళేదాన్ని."

అతను గ్లాసు బల్ల మీద పెట్టేడు. రోడ్డు మీద చెరకు ట్రాక్టరొకటి నెమ్మదిగా వెళ్తంది.

"ఎంతవరకు సెప్పేవు?"

"పుస్తకం అయిపోయింది."

జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మడత పెట్టబోయి మళ్ళీ తుడుచుకున్నాడు.

"పాసయ్యేరా?"

"నజీమ్ తప్ప అందరూ. వాడికి మళ్ళీ రాయడానికి అవకాశం ఉంది."

"ఆడికి స్పెల్లింగు రాదు" అన్నాడు బావ. "మాట బాగా మాటాడతాడు. రాయమంటే చెయ్యి వణుకుతాది ఆడికి."

"అవును."

డ్రైవరు హారను కొట్టేడు. బావ లేవలేదు. బల్ల మీద నా వేపు జరిగి కూచున్నాడు.

"మొదటి బెంచీ నుంచి సెప్పు" అన్నాడు. "ఎవరెలా రాసేరో ఒక్కొక్కళ్ళదీ సెప్పు."

నేను మొదటి బెంచీ నుంచి మొదలెట్టేను.